మీటరు తిరగని చార్జరు

ఆ సోమవారం పొద్దున తిరుమలేశ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాలి, స్నానం చేయాలి, గోడకు బిగించిన కారు చార్జరును ఫోటో తీసి సర్కారు వెబ్‌సైటులో ఎక్కించాలి, షూటింగుకు వెళ్ళిపోవాలి. మొదటి రెండు పనులూ సవ్యంగానే జరిగాయి. మూడోదానికి ఒక్కటే అడ్డంకి. గోడ ఉంది, ఫోను ఉంది, చార్జరు లేదు.

తిరుమలేశ్ సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. డైరెక్టరు సాయంత్రం అడిగితే తెల్లారేసరికి నాలుగు ఒంటెలనూ ఒక పెళ్ళి బ్యాండునూ తెచ్చి నిలబెట్టగల మనిషి. ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చమంటే మాత్రం పండగలు దాటిపోతాయి. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే సందులో ఉన్న ఆ ఇల్లు అతని భార్య నవతది. ఇంటి పత్రాలూ, గేటు పక్కనున్న కరెంటు మీటరూ, కారూ అన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. నవత ఇంట్లో వండి, డబ్బింగ్ థియేటర్లకూ ఎడిటింగ్ ఆఫీసులకూ మధ్యాహ్నం క్యారియర్లు ఇస్తుంది. ఇవ్వడానికి తనే కారు నడుపుకుంటూ వెళ్తుంది. ఆ కారు కరెంటుది. దాన్ని చార్జింగు చేసుకోవడానికి షేక్‌పేట ఫ్లైఓవర్ దగ్గర స్టేషన్లో వరసలో నిలబడి, ఒక్కోసారి కారులోనే సాంబారు చల్లారబెట్టుకుని తిట్లు తినేది.

అందుకే ఇంట్లో చార్జరు పెట్టించుకున్నవాళ్ళకు ఖర్చులో కొంత సర్కారు వెనక్కి ఇస్తుందని పేపర్లో చదివిన రోజే ఆ పని భర్తకు అప్పజెప్పింది. "ఇదొక్కటి చెయ్యి. ఇంకేం అడగ" అంది. అతను సరేనన్నాడు. తర్వాత రెండుమూడుసార్లు ఆమె గుర్తుచేస్తే "అయిపోయింది" అన్నాడు. సినిమావాళ్ళ లెక్కలో అయిపోయింది అంటే మొదలుపెట్టాలి అని. నిజంగా ఆర్డరు పెట్టింది పోయిన వారమే. రిబేటుకు దరఖాస్తు చేసుకోవడానికి ఆఖరి రోజు ఈ సోమవారమే. బిగించిన చార్జరు పక్కన ఇంటి యజమాని నిలబడిన ఫోటో తప్పనిసరి.

"సాయంత్రానికల్ల ఫోటో పెట్టాలె, యాదికుందా?" అంది నవత, చెప్పులేసుకుంటూ. చెల్లెలు హిమజ దగ్గర పెద్ద గిన్నెలు తెచ్చుకోవడానికి వెంగళరావు నగర్ వెళ్తోంది.

"నువ్వొచ్చేసరికి బిగిచ్చి ఉంటది. ఫికర్ చెయ్యకు."

ఆమె కారు సందు తిరిగిందో లేదో పంజాగుట్ట షాపుకు ఫోను చేశాడు.

"మాల్ దారిలో ఉంది సార్" అన్నాడు షాపువాడు.

"దారిల అంటే ఏడ?"

"దారిలోనే సార్."

తిరుమలేశ్‌కు ఇంకేం అడగక్కర్లేకపోయింది. ఎందుకంటే ఆ మాటను ఇరవై ఏళ్ళుగా డైరెక్టర్లకు చెబుతున్నది తనే. దారిలో ఉంది అంటే ఇంకా బయల్దేరలేదని అర్థం. ఇప్పుడు నవతకు ఏం చెప్పాలి? ఇదొక్కటి చెయ్యి అన్నప్పుడు ఆమె గొంతు ఎంత మామూలుగా ఉందో గుర్తొచ్చింది. కోపంగా ఉన్నా బాగుండేది. అతను చేస్తాడన్న ఆశ పెద్దగా లేని గొంతు అది. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ, ఇరవై ఏళ్ళ అలవాటు చొప్పున ఒక ఆలోచన చేశాడు. అసలు వస్తువు రాకపోతే షూటింగు ఆపుతామా? డమ్మీ పెట్టి షాటు లాగించేస్తాం. అసలుది వచ్చాక పెట్టుకుంటాం. చార్జరుకు డబ్బు కట్టేశాడు, నాలుగు రోజులు అటూ ఇటూగా అది వస్తుంది. ఇందులో మోసమేముంది, షెడ్యూలు సర్దుబాటు అంతే. ఇలా తనకు తానే చెప్పుకుని బెన్‌హర్‌కు ఫోను చేశాడు.

బెన్‌హర్‌ది ఏలూరు వైపు. మధురానగర్‌లో గది. ఆర్ట్ డిపార్టుమెంటులో సెట్ అసిస్టెంటు. పోయిన సినిమాలో అతను అట్టముక్కలతో కట్టిన ఆస్పత్రిని చూసి, షూటింగు చూడ్డానికొచ్చిన నిజం డాక్టరొకాయన వెంటిలేటరు స్విచ్ కోసం చాలాసేపు తడుముకున్నాడు.

"బెన్‌హరూ, కారు చార్జర్ ఒకటి గావాలె. గోడకు పెట్టేది. జల్ది."

"క్లోజా అండీ, వైడా?"

"ఏంది?"

"షాటండీ. క్లోజైతే దానిమీద అక్షరాలు కూడా కనబడాలి. వైడైతే డబ్బా చాలు."

తిరుమలేశ్ కాసేపు ఆలోచించి, "మిడ్" అన్నాడు.

"యాక్షనేమైనా ఉందాండీ? అంటే హీరో దాన్ని గుద్దడం, పీకడం."

"ఎవ్వరు ముట్టుకోరు తమ్మీ. ఒక్క ఫోటో. దిగంగనే వాపస్ తీస్కపోవుడే."

మిడ్ అని చెప్పినా బెన్‌హర్ క్లోజుకే చేశాడు. అరకొర పని చేయడం అతనికి నచ్చదు. స్కూటరు మీద బట్ట చుట్టి తెచ్చిన ఆ వస్తువును విప్పేసరికి తిరుమలేశ్‌కే ఒక్క క్షణం షాపువాడే పంపించాడేమో అనిపించింది. థర్మకోలు మీద ఎనామిల్ రంగు, ముందువైపు నల్లటి అద్దం, అద్దం వెనక టార్చి సెల్సుతో వెలిగీ ఆరీ వెలిగే ఆకుపచ్చ దీపం, కింద వాషింగ్ మెషీను గొట్టానికి నల్ల టేపు చుట్టి చేసిన లావుపాటి కేబులు. ఒక మూల పసుపు రంగు స్టిక్కరు, దానిమీద "హెచ్చరిక: తడి చేతులతో తాకరాదు" అన్న అక్షరాలు. రెండు మేకులకు తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి, బెన్‌హర్ ఒక కన్ను మూసి చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నవత కారు గేటులోకి వచ్చింది. హిమజ ఇంట్లో లేదట, సగం దారిలోంచే వెనక్కి తిరిగింది. తిరుమలేశ్ ప్లాను వేరు. ఆమె వచ్చేలోగా ఫోటో తీసి, ఆమె బొమ్మ ఏదో ఒకటి పక్కన అతికించి ఎక్కించేద్దామనుకున్నాడు పాపం.

నవత కారు దిగి గోడ వైపు చూసింది. ఆకుపచ్చ దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ఆమె ముఖం కూడా వెలిగింది.

"బిగిచ్చిండ్రా? నిజంగనే?" దగ్గరికొచ్చి చూసింది. "నేను దార్ల అనుకుంటనే ఉన్న, ఇయ్యాల గూడ ఏదో ఒకటి చెప్తడని. పెండ్లయినప్పటి సంది అన్న టైముకు ఒక్క పని చేసినవా? ఇదే మొదలు." ఆ తర్వాత భుజం మీద చెయ్యి వేసింది. "మంచిగ చేసినవ్."

చెప్పాల్సిన సమయం అదే. తిరుమలేశ్ నోరు తెరిచాడు కూడా. కానీ అంత సంతోషంగా ఆమె తన వైపు చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఈ తమ్ముడు కంపెనీ మనిషా?" అంది నవత.

"ఆ... మనోడే."

"వానకు తడిస్తే ఏం గాదు గద తమ్ముడూ?"

"తడవనివ్వకండమ్మా. అస్సలు తడవనివ్వకండి. రంగు మొత్తం..." అని బెన్‌హర్ కంగారుగా అంటుంటే తిరుమలేశ్‌కు దగ్గు తెర వచ్చింది. బెన్‌హర్‌కు పులిహోర పెట్టి పంపించేశారు.

నవత జడ సరిచేసుకుని వచ్చి చార్జరు పక్కన నిలబడింది. ఫోటో బాగా వచ్చింది. ఆమె ఫోనుకొచ్చిన ఓటీపీ నంబరు ఆమే చెప్పింది, అతను కొట్టాడు. "తప్పుడు వివరాలు ఇచ్చినచో దరఖాస్తుదారుపై చర్య తీసుకొనబడును" అన్న వాక్యం కింద ఉన్న గడిలో టిక్కు పెడుతుంటే అతని వేలు ఆగింది. దరఖాస్తుదారు అంటే నవత. ఆ సంగతి అంతవరకు అతనికి తట్టనే లేదు.

ఇక అయిపోయిందనుకుంటుండగా ఆమె పూజ పళ్ళెంతో వచ్చింది. కొత్త మిక్సీకీ, కొత్త కారుకూ చేసినప్పుడు చార్జరు ఏం పాపం చేసింది? పసుపు రాసింది, కుంకుమ బొట్టు పెట్టింది. ఒత్తిన వేలు కొద్దిగా లోపలికి దిగింది. తర్వాత కర్పూరం వెలిగించి హారతి తిప్పడం మొదలుపెట్టింది.

"దూరంనుంచి... జర దూరంనుంచి ఇయ్యి" అన్నాడు తిరుమలేశ్.

"దేవునికి దూరంనుంచి ఇస్తరా?"

మూడో చుట్టులో స్టిక్కరు ఉన్న మూల సన్నగా ముడుచుకుంది, కుంగింది, ఒక ముద్దగా ఊడి టప్పున పళ్ళెంలో పడింది. సెగకు కాలిన ప్లాస్టిక్కు వాసన వరండా అంతా నిండింది. తిరుమలేశ్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"కొత్త సామాను గదా. గిట్లనే వాసనొస్తది మొదట్ల" అన్నాడు.

నవత పళ్ళెంలోకి చూసింది. చార్జరును చూసింది. భర్తను చూసింది. "అవునా" అంది. పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి తిరుమలేశ్‌కు కంటినిండా నిద్ర లేదు. ఫోటో దిగగానే పీకేయాల్సిన వస్తువు గోడమీదే ఉండిపోయింది, పీకేస్తే ఎందుకు పీకావని అడుగుతుంది. "ఆఫీసరు వచ్చి చూసేదాక నువ్వు ముట్టుకోవద్దు. చార్జింగు నేనే పెడ్త" అని భార్యకు చెప్పాడు. పెట్టడానికి అందులో ఏముంది? రోజూ పొద్దున్నే ఆమె వంటలో ఉండగా, కూరగాయలు తెస్తానని కారు తీసుకుని షేక్‌పేట స్టేషనుకు పోయి వరసలో నిలబడేవాడు. ఫోనులో కడితే నవత చూస్తుందని చేతికి నోట్లు ఇచ్చేవాడు. మొదటి రోజు "షేక్‌పేటల మెంతికూర మంచిగుంటది, తే" అంది ఆమె. మర్నాడు టమాటలు, గోకరకాయ కూడా చెప్పింది. ఆ తర్వాత పెరుగు, గ్యాస్ స్టవ్ లైటరు, ఇస్త్రీకిచ్చిన చీరలు. ఊరికే తిరిగి రావడం ఎట్లాగూ కుదరదు కనుక అన్నీ మోసుకొచ్చేవాడు.

ఆకాశం కాస్త నల్లబడితే చాలు, పని వదిలి పైకి చూసేవాడు. ఒకరోజు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షాటు మధ్యలో ఉరుము వినిపించింది. హీరో కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు, డైరెక్టరు నిశ్శబ్దం అంటున్నాడు, మేనేజరు బండి తీసుకుని ఇంటికి పరుగెత్తాడు. యూనిట్ గొడుగు ఒకటి పట్టుకెళ్ళి చార్జరు మీద కట్టాడు. వాన రాలేదు. గొడుగు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఎదురింటి వెంకటరామయ్యగారికి ఆ గొడుగే కనబడింది. ఆయన గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. రోజూ పొద్దున సందులో వాకింగు చేస్తూ అందరి పూలకుండీలనూ పలకరిస్తుంటారు.

"చార్జరు పెట్టించారటగా తిరుమలేశ్‌గారూ. మా అబ్బాయి కూడా కొందామంటున్నాడు. కరెంటు బాగా లాగుతుందాండీ?"

"లాగదండి. అస్సలు తెల్వనే తెల్వదు" అన్నాడు తిరుమలేశ్, ఎలాగో తప్పించుకోవాలని.

వెంకటరామయ్యగారు బ్యాంకు మనిషి. విన్నది నమ్మరు, చూసింది నమ్ముతారు. గేటు పక్క మీటరుకు వంగి చూశారు. మర్నాడు కూడా చూశారు. ఆ తర్వాత రెండు రోజులూ చూశారు. చార్జరు దీపం వెలుగుతూనే ఉంది, కారు రోజూ ఊరంతా తిరుగుతూనే ఉంది, మీటరు మాత్రం వాళ్ళింటి ఫ్రిజ్జుకు సరిపడా కదులుతోంది. ఆయనకు ఆశ్చర్యం పట్టలేక, ఇంత పొదుపైన చార్జరు ఏ కంపెనీదో చెప్పమని కరెంటు ఆఫీసుకే ఫోను చేశారు. పూర్తి వివరాలతో, ఇంటి నంబరుతో సహా. ఆయన ఉద్దేశం చాలా మంచిది.

ఆ సాయంత్రం నవత గోంగూర ఒలుస్తూ, "కరెంటాఫీసోళ్ళు ఫోన్ చేసిండ్రు. రేపు పొద్దుగాల వచ్చి చార్జర్ చూస్తరట" అంది.

తిరుమలేశ్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. రిబేటు తనిఖీ ఇంత తొందరగా వస్తుందని ఎవరనుకున్నారు? పట్టుబడితే నవత పేరు మీద కేసు. ఫోను చేసి లాభం లేదని తనే పంజాగుట్ట వెళ్ళి షాపులో కూచున్నాడు. లేవనన్నాడు, చాయ్ ఇస్తే తాగనన్నాడు, చివరికి దండం పెట్టాడు. అతని వాలకం చూసి షాపువాడు ఇంకెవరికో పంపాల్సిన చార్జరును అతనికి ఇచ్చేశాడు.

మర్నాడు నవత టిఫిన్ ఆర్డరు ఇచ్చిరావడానికి వెళ్ళగానే ఎలక్ట్రీషియన్ వచ్చి అసలు చార్జరు బిగించాడు. చిన్న బూడిదరంగు డబ్బా. దీపం ఎక్కడుందో వెతుక్కోవాలి. బెన్‌హర్ వచ్చి తన సృష్టిని బట్టలో చుట్టుకున్నాడు. "మా డైరెక్టరుగారు నా ఫోన్లో దీని ఫోటో చూసి ముచ్చటపడ్డారండి. ఇవాళ షాటులో పెడుతున్నాం" అన్నాడు. తిరుమలేశ్ అతన్ని కౌగిలించుకుని పంపించాడు. చాలా రోజుల తర్వాత ఊపిరి సాఫీగా ఆడింది. ఇక ఎవరొచ్చినా భయం లేదు.

వచ్చింది మంజులత అనే ఆఫీసరు. వెంట ఒక లైన్‌మన్. వాళ్ళ జీపు చూసి వెంకటరామయ్యగారు కూడా వచ్చారు, కంపెనీ పేరు తెలుస్తుందని.

"ఇది ఎప్పుడు బిగించారు?" అంది మంజులత.

దరఖాస్తు పెట్టిన తేదీ తప్పకూడదు కదా. "పోయిన సోమవారమే మేడం. ఒక్కరోజు గూడ లేటు గాలే. ఫోటో గూడ ఉంది, సూడుండ్రి."

"అప్పటి నుంచి వాడుతున్నారా?"

"రోజూ మేడం."

"రోజూ ఫుల్ చార్జింగ్?"

"ఫుల్లంటే ఫుల్లు. ఒక్కరోజు గూడ తప్పలే."

"నేనే సాక్ష్యమండీ. కారు రోజూ తిరుగుతోంది. మీటరు మాత్రం తిరగదు. అద్భుతమైన టెక్నాలజీ" అన్నారు వెంకటరామయ్యగారు.

మంజులత మీటరు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది. లైన్‌మన్‌తో ఏదో అంది. అతను నిచ్చెన తెచ్చాడు.

"చూడండి, నేను రిబేటు సెక్షన్ కాదు. విజిలెన్స్" అంది. "మీరే చెప్పారు, చార్జర్ పెట్టి ఇన్ని రోజులైంది, రోజూ ఫుల్ చార్జింగ్ అని. మీటర్లో యూనిట్లు లేవు. మరి కరెంట్ ఎక్కడి నుంచి వస్తోంది? లైన్ నుంచి డైరెక్టుగా లాగుతున్నారా?"

తిరుమలేశ్ నిచ్చెన వైపు చూశాడు. ఇన్ని రోజులూ దాచింది ఒక తప్పు. ఇప్పుడు మీద పడింది దానికి నాలుగింతలది, అది తను చేయనే లేదు.

"మీటర్ నవత గారి పేరు మీద ఉంది. ఎవరు ఆవిడ? కేసు ఆవిడ మీదే అవుతుంది" అంది మంజులత.

ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు. నిజం చెబితే నవత తన ముఖం మళ్ళీ చూడకపోవచ్చు. చెప్పకపోతే ఆమెను కరెంటు దొంగ అంటారు. తిరుమలేశ్ చేతులు కట్టుకున్నాడు.

"మేడం, అది థర్మకోలు."

"ఏది?"

"చార్జర్."

లైన్‌మన్ చేతిలోని స్క్రూడ్రైవరుతో చార్జరును కొట్టి చూశాడు. ఇనుము ఖంగుమంది.

"ఇది గాదు. ఇంతకుముందు ఉన్నది. ఇది పొద్దుగాలనే పెట్టిచ్చిన. గది సెట్ ప్రాపర్టీ. కారు నేనే రోజు షేక్‌పేట పోయి చార్జింగు చేసుకొస్తున్న."

"పేమెంట్స్ చూపించండి."

"చేతికిచ్చిన మేడం. మా ఇంట్ల తెల్వొద్దని."

"ఇప్పుడే కదా సోమవారం పెట్టానన్నారు. ఫోటో కూడా చూపించారు." ఆమె అతని ఫోనులోని ఫోటోను పెద్దది చేసి చూసింది. "ఇది థర్మకోలా? నేను చాలా కేసులు చూశానండీ. అబద్ధం చెప్పేవాళ్ళు ఇంకొంచెం నమ్మేలా చెబుతారు."

ఒక వారమంతా అది డమ్మీ అని ఎవరికీ తెలియకూడదని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు అది డమ్మీయే అని ఒక్కరు నమ్మితే చాలని మొక్కుకున్నాడు. బెన్‌హర్‌కు ఫోను చేసి అందరికీ వినబడేలా పెట్టాడు.

"బెన్‌హరూ, మన చార్జర్ ఎక్కడుంది? ఎట్లున్నది అట్ల తీసుకొని ఉరికిరా."

"చార్జరాండీ? షాటు ఓకే అయిపోయిందండి. హీరోగారు రాడ్డుతో ఒక్కటిచ్చారు. అబ్బ, ఏం పగిలిందండీ. పిండి పిండి."

"ముక్కలు?"

"మొత్తం ఊడ్చేశామండి. తర్వాతి సీను పెళ్ళిచూపులండి."

వెంకటరామయ్యగారు ఇబ్బందిగా పక్కకు చూశారు. లైన్‌మన్ నిచ్చెన ఎక్కాడు. మంజులత కాగితం మీద నవత పేరు రాయడం మొదలుపెట్టింది. గేటు దగ్గర కారాగింది. దిగుతూనే నవత అందరినీ చూసింది, గోడమీది బూడిదరంగు డబ్బాను చూసింది, చేతులు కట్టుకుని నిలబడ్డ భర్తను చూసింది.

"నవతా, నేను నీకు ఒకటి చెప్పాలె" అన్నాడు తిరుమలేశ్. "ఆ సోమవారంది..."

"ఆగు" అంది నవత. "మేడం, ఒక్క నిమిషం." లోపలికి వెళ్ళింది. దేవుడి అరలో నుంచి ఇత్తడి పళ్ళెం తెచ్చి మంజులత ముందు పెట్టింది. అందులో ఎండిన పూల పక్కన ఒక ముద్ద ఉంది. పైన రంగు, లోపల తెల్లటి గింజలు, అంచున కుంకుమ, దానికి అతుక్కుని సగం కాలిన పసుపు స్టిక్కరు. స్టిక్కరు మీద "తడి చేతులతో" అన్నంతవరకు చదవొచ్చు.

"హారతిస్తే ఊడిపడ్డది మేడం. పూజ చేసిన వస్తువు, చెత్తబుట్టల ఎట్లేస్త? పారే నీళ్ళల్ల ఇడుద్దామని ఉంచిన."

మంజులత ఆ ముద్దను చేతిలోకి తీసుకుంది. నలిపింది. గింజలు రాలాయి. ఫోటోలో అదే స్టిక్కరు, అదే మూల. పైనుంచి లైన్‌మన్ కూడా, "లైన్ క్లీన్ ఉంది మేడం. గీ వైరు ఇయ్యాల్నే గుంజిండ్రు" అని అరిచాడు. ఆమె రాసిన కాగితాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టింది.

"అయితే మీరు థర్మకోలుకు హారతిచ్చారు" అంది.

"ఇచ్చేటప్పుడు నాకు తెల్వది మేడం."

"సరే, దొంగతనం లేదు. కానీ ఈ ఫోటోతో రిబేటుకు దరఖాస్తు పెట్టారు కదా. అది ఇంకో తప్పు."

తిరుమలేశ్ కళ్ళు మూసుకున్నాడు.

"అది లేదు మేడం" అంది నవత. "ఆ దినం సాయంత్రమే వాపస్ తీసుకున్న. నా పేరు మీద అబద్ధమెందుకు? వాపస్ తీసుకునే కాడనే రాసుంది, గడువు ఇంకో నెల పెంచిండ్రని."

తిరుమలేశ్ కళ్ళు తెరిచాడు. ఆ సోమవారం నుంచి అతను పడ్డ భయమంతా, పోగొట్టుకున్న నిద్రంతా, కట్టిన గొడుగుతో సహా, అసలు లేని దరఖాస్తు కోసం. మంజులత నవ్వు ఆపుకోలేక జీపు వైపు నడిచింది. వెంకటరామయ్యగారు ఆమె వెనకే వెళ్తూ, "అయితే కరెంటు మామూలుగానే కాలుతుందన్నమాట" అని నీరసంగా అన్నారు.

ఇద్దరే మిగిలాక తిరుమలేశ్ వరండా గట్టుమీద కూచున్నాడు.

"ఆ రోజే తెలుసా నీకు?"

"ఇరవయ్యేండ్ల సంది పొయ్యికాడ ఉన్న. ఇనుము కాలే వాసనేందో, థర్మకోలు కాలే వాసనేందో తెల్వదా?"

"మరి అడగవైతివి."

"నువ్వు ఎప్పుడు చెప్తవో సూద్దామనుకున్న. రేపు చెప్తడు, రేపు చెప్తడని సూసిన." పళ్ళెంలోని పూలు ఏరింది. "లేటైతదని చెప్తే ఏం చేస్తుంటి? రెండు తిట్లు తిడ్తుంటి. గంతే గద. కానీ ఆ దినం హారతిచ్చేదాక నేను నిజంగనే మురిసిన."

అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆఫీసరు ముందు పడ్డ సిగ్గుకన్నా ఇది పెద్దది. "తప్పయింది నవతా" అన్నాడు. ఆమె కేబులు తీసి కారుకు పెట్టింది. చార్జరు చిన్నగా టిక్కుమంది, మీటరు గబగబా తిరగడం మొదలుపెట్టింది. ఇద్దరూ దాన్ని కాసేపు చూస్తూ నిలబడ్డారు.

"షేక్‌పేట పోవుడు ఇంక లేదు గద" అన్నాడు తిరుమలేశ్ చిన్నగా.

"చార్జింగుకు లేదు. మెంతికూరకు ఉంది."

ఆ మధ్యాహ్నమే అసలు చార్జరు పక్కన నవత నిలబడింది, తిరుమలేశ్ ఫోటో తీశాడు, ఈసారి ఏ వేలూ ఆగలేదు. దరఖాస్తు వెళ్ళింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఫోటోలోని పరికరం అసలుదిగా కనిపించడం లేదనీ, నమూనా డబ్బా కావచ్చన్న అనుమానం ఉందనీ, అధికారి స్వయంగా వచ్చి పరిశీలిస్తారనీ అందులో ఉంది.

తనిఖీ రోజు పొద్దున నవత రెండే సిద్ధం చేసి పెట్టింది, చాయ్ ఒకటి, హారతి కర్పూరం ఒకటి.